ఐదున్నరేళ్ల పాపకి మొదటి గేమ్ కన్సోల్: ఏది తీసుకోవాలి?

కొత్త_కంట్రోలర్

అందరికీ నమస్కారం. పాపకి ఐదున్నర, యూకేజీ చదువుతోంది. మొదటి గేమ్ కన్సోల్ కొనాలి. ఉండేది విజయవాడ. గేములతో కలిపి 25 వేలు అనుకున్నాం, తప్పదంటే ఇంకో మూడు వేలు. హాల్లో 43 అంగుళాల టీవీ ఉంది, హెచ్‌డీఎంఐ ఉంది. పాప ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుంటుంది కానీ వాక్యం చదవలేదు. ఫోన్‌లో గేములు వద్దనుకున్నాం. రెండు నిమిషాలకో ప్రకటన, ఎక్కడ నొక్కినా కొనమనడం. పక్కన కూర్చుని నేను కూడా ఆడాలని ఉంది.

నింటెండో వాళ్ల స్విచ్ లైట్, మామూలు స్విచ్, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ చూస్తున్నాను. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే వచ్చే "400 గేములు" చేతి బొమ్మ ఈ వయసుకి చాలదా? ఆడే టైమ్‌కి కట్టడి ఎలా పెట్టాలి?

రెండో_కంట్రోలర్

ముందు పెట్టెని పక్కన పెట్టండి. పాప మొదటి నెల ఏ రెండు గేములు ఆడుతుందో తేల్చుకుంటే పెట్టె అదే తేలిపోతుంది.

ఐదేళ్ల పిల్లలకి కష్టమయ్యేది బటన్లు కాదు, కెమెరా. ఎడమ బొటనవేలితో బొమ్మని నడుపుతూ, కుడి బొటనవేలితో చూపు తిప్పడం ఆ వయసు చేతికి చాలా పెద్ద పని. బొమ్మ గోడకేసి నడుస్తూనే ఉంటుంది, పిల్లలు రిమోట్ మీ చేతిలో పెట్టేస్తారు. అందుకని కెమెరా తనంతట తాను తిరిగేవి, లేదా పక్కనుంచి కనిపించే 2డీ గేములు వెతకండి. రెండో సంగతి చదువు. తెలుగులో మెనూలు, మాటలు ఉన్న కన్సోల్ గేము దొరకడం కష్టం. పేజీల కొద్దీ సంభాషణలుండే యానిమల్ క్రాసింగ్, పోకెమాన్ లాంటివి ఇంకో రెండేళ్లు ఆగొచ్చు.

ఈ లెక్కన మీ పాపకి సరిపోయేవి చెప్తాను.

మారియో కార్ట్ 8 డీలక్స్. బండి ఎంచుకునే తెర మీద + బటన్ నొక్కితే మూడు సెట్టింగులు కనబడతాయి. స్మార్ట్ స్టీరింగ్ ఆన్ చేస్తే బండి రోడ్డు దాటి పోదు, వెనక చిన్న యాంటెన్నా మొలుస్తుంది. ఆటో యాక్సిలరేట్ ఆన్ చేస్తే బటన్ నొక్కి పట్టుకోనక్కర్లేదు. మూడోది రిమోట్ వంచి నడపడం. దాన్ని ఆఫ్ చెయ్యండి, లేకపోతే పాప సోఫాలో కదిలినప్పుడల్లా బండి తిరుగుతుంది. మొదటి వారం రెండూ ఆన్‌లో ఉంచి, రెండో వారం యాక్సిలరేటర్ తీసెయ్యండి. స్టీరింగ్ సాయం ఆఖర్న తియ్యాలి.

సూపర్ మారియో బ్రదర్స్ వండర్. ఇందులో నాలుగు రంగుల యోషీలు, నాబిట్ అనే పాత్ర ఉన్నాయి. వీటికి శత్రువులు తగిలినా ఏమీ కాదు. గోతిలో పడితే మాత్రం పోతాయి. పాప యోషీ, మీరు మారియో అయితే మీరు యోషీ వీపెక్కి కూర్చోవచ్చు కూడా.

కర్బీ అండ్ ద ఫర్గాటెన్ ల్యాండ్. కెమెరాని గేమే చూసుకుంటుంది. మొదట్లో స్ప్రింగ్ బ్రీజ్ అన్నది ఎంచుకుంటే ప్రాణశక్తి ఎక్కువ ఇస్తుంది. ఇద్దరాడొచ్చు.

మూడూ నింటెండోవే. మీరు ఇద్దరూ కలిసి ఆడాలంటున్నారు కాబట్టి మామూలు స్విచ్ అంటాను. దానికి పక్కల ఉండే జాయ్‌కాన్‌లు రెండూ ఊడదీసి అడ్డంగా పట్టుకుంటే రెండు రిమోట్లు. ఇంకో రిమోట్ కొనే పని లేదు. చిన్న చేతికి ఆ సైజు చక్కగా అందుతుంది.

సర్క్యూట్‌బోర్డు

పైన చెప్పినదానికి రిపేరు వైపు నుంచి కొంత కలుపుతాను.

లైట్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, 275 గ్రాములే. మీ పనికి మాత్రం అది పనికిరాదు. టీవీకి కలవదు. టీవీకి కలిపే స్టాండు, అంటే డాక్, ఇవ్వకపోవడం కాదు, వీడియో బయటికి పంపే ఏర్పాటే అందులో లేదు. ఏ కేబుల్ కొన్నా బొమ్మ రాదు. రెండోది, బొటనవేలితో బొమ్మని నడిపే స్టిక్‌లు ఒంటికే అతుక్కుని ఉంటాయి. స్విచ్ స్టిక్‌లకి డ్రిఫ్ట్ అనే జబ్బు ఉంది. లోపల కార్బన్ పూత మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది, పూత అరిగాక వేలు తీసినా బొమ్మ తానే ఒక పక్కకి నడుస్తుంది. చిన్నపిల్లలు స్టిక్‌ని చివరికంటా బలంగా నొక్కుతారు, తొందరగా అరుగుతుంది. మామూలు స్విచ్‌లో అయితే ఆ ఒక్క జాయ్‌కాన్ విప్పి స్టిక్ మారుస్తాం. వెనక నాలుగు మూడుకాళ్ల స్క్రూలు, బ్యాటరీ ట్రే, స్టిక్‌కి రెండు స్క్రూలు, అరగంట పని. తెలియనివాళ్లు సన్నటి రిబ్బన్ కేబుల్‌ని లాక్ ఎత్తకుండా లాగి చింపుతారు, అదొక్కటే భయం. లైట్‌లో అదే స్టిక్ మార్చాలంటే కన్సోల్ మొత్తం విప్పాలి. మార్చేటప్పుడు హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయించుకోండి. అయస్కాంతంతో పని చేస్తుంది, లోపల రాపిడి లేదు కాబట్టి ఆ అరుగుదల ఉండదు.

ఇక 400 గేముల బొమ్మ. అందులో ఉండేవి 1980ల నాటి 8 బిట్ గేముల దొంగ కాపీలు. పేర్లు మార్చి అవే మళ్లీ మళ్లీ పెడతారు. ఆ గేములు పిల్లల కోసం తేలిక చేసినవి కావు. మూడు ప్రాణాలు, ఆట దాచుకునే వీలు లేదు, పోతే మొదటినుంచీ. ఐదేళ్ల పిల్లకి మొదటి పరిచయం అలా ఉండకూడదు. అంతకంటే ముఖ్యం బ్యాటరీ. వెనక మూత వేలితో తీస్తే పాత ఫోన్లలో వాడిన రకం లిథియం బ్యాటరీ చేతికొస్తుంది, చాలావాటిలో మూతకి స్క్రూ కూడా ఉండదు. మూత బయటికి ఉబ్బినట్టు కనిపిస్తే వెంటనే ఆపి పిల్లలకి దూరంగా పెట్టండి. గుచ్చడం, నొక్కి మూత మూసెయ్యడం చెయ్యొద్దు.

హైదరాబాద్_హెచ్‌డీఎంఐ

సిరీస్ ఎస్‌ని అంత తొందరగా కొట్టెయ్యకండి. నింటెండోకి మన దేశంలో అధికారిక అమ్మకం లేదు. దొరికేవన్నీ దిగుమతి సరుకు, వారంటీ అంటే ఆ దుకాణంవాడి మాటే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 2020 నవంబరు 10న ఇక్కడ కూడా అధికారికంగానే విడుదలైంది, 34,990 రూపాయలకి. బిల్లు, వారంటీ, రూపాయల్లో స్టోరు, అన్నీ సక్రమం. గేమ్ పాస్ చందా కడితే ఒక్కో గేముకి వేలు పొయ్యక్కర్లేదు. లెగో గేములు ఐదేళ్ల వాళ్లకి బాగుంటాయి. ఇద్దరూ ఒకే తెర మీద ఆడొచ్చు, బొమ్మ పోయినా కొన్ని లెగో నాణేలు రాలతాయి అంతే, అక్కడే మళ్లీ లేస్తుంది. మైన్‌క్రాఫ్ట్ క్రియేటివ్ మోడ్‌లో పెడితే రాక్షసుల గొడవ లేకుండా ఇళ్లు కట్టుకుంటుంది.

లోపాలు కూడా చెప్పాలి. డిస్క్ పెట్టుకునే చోటు లేదు, గేములన్నీ డౌన్‌లోడే, పాతవి అమ్ముకోలేరు. 512 జీబీ అంటారు గాని గేములకి మిగిలేది 364. పెట్టెలో రిమోట్ ఒక్కటే, దానికి రెండు పెన్సిల్ సెల్స్ కావాలి, రీచార్జబుల్ సెల్స్ వాడండి.

ప్లేస్టేషన్ 5లో ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే గేము ముందే వేసి వస్తుంది, చాలా బాగుంటుంది. కానీ ఆ కన్సోల్ ధర మీ బడ్జెట్‌కి దగ్గరలో లేదు.

రెండో_కంట్రోలర్

హెచ్‌డీఎంఐ గారూ, వారంటీ మాట నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పిల్లకి తొమ్మిది, పదేళ్లుంటే నేనూ సిరీస్ ఎస్ అనేవాణ్ణి. ఐదేళ్లకి ఆ రిమోట్ పెద్దది. వెనక ట్రిగర్లకి చూపుడువేలు అందాలంటే బొటనవేలు స్టిక్ మీంచి జారిపోతుంది. గేమ్ పాస్‌లో వందల గేములుండటం కూడా ఈ వయసుకి మంచిది కాదని నా అభిప్రాయం. పది నిమిషాలకో గేము మార్చే అలవాటు పడుతుంది. రెండు గేములు, రెండూ స్విచ్‌లో పెట్టే చిన్న గేమ్ కార్డులుగా కొనండి. కార్డు పెట్టడం, తియ్యడం, డబ్బాలో దాచడం కూడా పిల్లలు నేర్చుకునే పనే. అయిపోయాక ఆ కార్డు అమ్మితే సగానికి పైగా డబ్బు తిరిగొస్తుంది.

ఇంకొకటి, కరెంటు. స్విచ్ లోపల బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోతే టీవీ ఆరిపోతుంది గానీ ఆట పోదు. డాక్‌లోంచి తీసి చేతిలో పట్టుకుని కొనసాగించొచ్చు. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ ఆట దాచుకుంటున్న క్షణంలో కరెంటు పోతే ఆ ఫైలు పాడవ్వచ్చు. వాటికి చిన్న యూపీఎస్ ఉండాలి.

డల్లాస్_తెలుగు

ఇక్కణ్ణుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోవడం తేలికే, ఈ నాలుగూ చూసుకోండి. చార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉంటుంది, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్ మార్చే అడాప్టర్ చాలు. గేమ్ కార్డులకి దేశం అడ్డు లేదు, అమెరికా కార్డు ఇండియాలో కొన్న స్విచ్‌లో నడుస్తుంది. కన్సోల్‌ని చేతి సంచిలోనే తీసుకురమ్మనండి, లిథియం బ్యాటరీ ఉంది. స్విచ్ 2 జపాన్‌లో చవకగా దొరుకుతుందని తెప్పించుకోవద్దు. అక్కడి చవక రకం జపనీస్ భాషలో మాత్రమే పని చేస్తుంది, జపాన్ ఖాతాలనే ఒప్పుకుంటుంది.

అసలు స్విచ్ 2 ఈ వయసుకి అవసరమే లేదు. 2025 జూన్ 5న వచ్చింది, అప్పటి అమెరికా ధర 449.99 డాలర్లు. 7.9 అంగుళాల తెర, జాయ్‌కాన్‌లతో అర కిలో పైన బరువు. పైన రాసిన మూడు గేములూ పాత స్విచ్‌లోనే హాయిగా నడుస్తాయి. స్విచ్ 2 గేముల్లో కొన్ని డబ్బాల్లో వచ్చేది తాళంచెవి కార్డు మాత్రమే, గేము మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి. డబ్బా కింది భాగంలో తాళంచెవి గుర్తు ఉంటుంది, చూసి కొనండి.

కొత్త_కంట్రోలర్

అందరికీ చాలా థ్యాంక్స్. మామూలు స్విచ్ అని తేలిపోయింది. కొత్తదైతే గేములకి డబ్బు మిగలదు. ఒక్కో గేము నాలుగైదు వేలు చెప్తున్నారు. ఊళ్లోనే రెండు సెకండ్ హ్యాండ్ సెట్లు ఉన్నాయి. ఒకటి 2017 మోడల్, ఇంకోటి "60 గేములు లోపలే ఉన్నాయి" అంటున్నారు, ధర కొంచెం ఎక్కువ. చూడ్డానికి వెళ్తే ఏం చూడాలి?

సర్క్యూట్‌బోర్డు

60 గేముల సెట్ వదిలెయ్యండి. అన్ని గేములు లోపల వేసి ఆ ధరకి ఇస్తున్నారంటే దాదాపుగా దొంగ గేములు నడిచేలా లాక్ విరగ్గొట్టిన సెట్టే. నింటెండో అలాంటివాటిని ఆన్‌లైన్‌లోకి రాకుండా శాశ్వతంగా ఆపేస్తుంది. ఒక్క అప్‌డేట్ నొక్కితే ఆ గేములు తెరుచుకోకపోవచ్చు. అది పాప చేతిలో ఎప్పుడో ఒకసారి నొక్కుడు పడుతుంది. అలా కాదు, తన ఖాతాతో సహా ఇస్తానంటే అదీ వద్దు. ఖాతా ఆయనదే, రేపు పాస్‌వర్డ్ మార్చితే గేములు పోయినట్టే.

మిగిలిన 2017 సెట్ చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక గేమ్ కార్డు ఎవరిదగ్గరైనా అడిగి తీసుకెళ్లండి. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. ముప్పావు గంట టైమ్ అడగండి, హడావిడి పెడితే వెనక్కి వచ్చెయ్యండి.

ముందు వెనక స్టిక్కర్. హెచ్‌ఏసీ-001 అని మాత్రమే ఉంటే 2017 మోడల్, బ్యాటరీ కొత్తలోనే రెండున్నర నుంచి ఆరున్నర గంటలు. పక్కన (-01) అని ఉంటే 2019లో వచ్చిన రకం, నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు. మీరు ఎక్కువగా టీవీకి పెట్టేవాళ్లైతే పాతదైనా ఫర్వాలేదు, ధర మాత్రం తగ్గించమనండి.

స్టిక్‌ల పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. సిస్టమ్ సెట్టింగ్స్, కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్, క్యాలిబ్రేట్ కంట్రోల్ స్టిక్స్. పరీక్షించే స్టిక్‌ని ఒక పక్కకి నొక్కి పట్టుకుంటే తెర మీద వలయం, లోపల గుర్తు వస్తాయి. స్టిక్‌ని అంచుకి ఆనించి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి, గుర్తు అన్ని వైపులా అంచుని తాకాలి. తర్వాత వేలు టక్కున తీసెయ్యండి. గుర్తు నడిమధ్యకి వచ్చి నిలబడాలి. కొంచెం పక్కన ఆగినా, వణికినా, మెల్లగా పాకినా డ్రిఫ్ట్ మొదలైనట్టే. నాలుగు దిక్కులకీ పదేసి సార్లు చెయ్యండి. ఒక్కసారి బాగుంటే బాగున్నట్టు కాదు.

జాయ్‌కాన్‌లు రెండూ ఊడదీసి ఆరడుగుల దూరంలో నిలబడి ఆడి చూడండి. పట్టాలోకి తోసినప్పుడు టక్‌మని లాక్ పడాలి, లాక్ అరిగిపోతే చేతిలో పట్టుకున్నప్పుడు కన్సోల్ జారిపడుతుంది. మీ గేమ్ కార్డు మూడుసార్లు పెట్టి తియ్యండి, ప్రతిసారీ గుర్తించాలి. వైఫైకి కలిపి ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) తెరవండి. ఆన్‌లైన్ వాడకం ఆపేశామని సందేశం వస్తే ఆ సెట్ వద్దు.

డాక్‌లో పెట్టి టీవీ మీద బొమ్మ చూడకుండా డబ్బివ్వొద్దు. ఇక్కడ చాలామంది పొరపడేది చార్జర్ దగ్గర. టీవీ మీద బొమ్మ రావాలంటే 15 వోల్టులు, 2.6 ఆంపియర్లు ఇచ్చే అసలు చార్జర్ కావాలి. మామూలు ఫోన్ చార్జర్‌తో బ్యాటరీ నిండుతుంది గాని డాక్ లేవదు. అమ్మేవాళ్లు అసలు చార్జర్ పోగొట్టుకుని ఏదో ఒకటి ఇస్తారు, మనం డాక్ చెడిపోయిందనుకుంటాం.

చివరగా, పేరెంటల్ కంట్రోల్ పిన్ ఉంటే అక్కడే ఆయన చేతే తీయించండి. ఆ తర్వాత ఆయన ఖాతా తొలగించి, సిస్టమ్, ఫార్మాటింగ్ ఆప్షన్స్, ఇనిషియలైజ్ కన్సోల్ నొక్కించండి. మొదటి తెర వచ్చేదాకా అక్కడే ఉండండి.

పలకాబలపం

టైమ్ కట్టడి గురించి. రెండేళ్లు నిండి ఐదేళ్లు నిండని పిల్లలకి తెర ముందు కూర్చోవడం రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, ఎంత తక్కువైతే అంత మంచిదని కూడా అంది. మీ పాప ఆ గీత ఇప్పుడే దాటింది. బడి ఉన్న రోజు అరగంట, సెలవు రోజు ముప్పావు గంట చాలు. టీవీ, ఫోన్ కూడా ఆ లెక్కలోనే చూసుకోండి.

ఫోన్‌లో నింటెండో పేరెంటల్ కంట్రోల్స్ యాప్ వేసి, అది ఇచ్చే ఆరంకెల కోడ్ కన్సోల్‌లో కొడితే రెండూ కలుస్తాయి. వారంలో ఒక్కో రోజుకి ఒక్కో పరిమితి పెట్టొచ్చు. చాలామంది ఇంతవరకు చేసి "పని చెయ్యట్లేదు" అంటారు. కారణం, మామూలుగా టైమ్ అయ్యాక తెర మీద హెచ్చరిక మాత్రమే వస్తుంది, ఆట ఆగదు. సస్పెండ్ సాఫ్ట్‌వేర్ అన్నది విడిగా ఆన్ చెయ్యాలి. రెండోది, ఆ పరిమితి పిల్లకి కాదు, కన్సోల్‌కి. రాత్రి మీరు ఆడినా పాప టైమ్‌లోంచే పోతుంది.

యాప్ మీ ఫోన్‌కి దొరక్కపోతే కన్సోల్‌లోనే పిన్ పెట్టి వయసుకి మించిన గేములు, తెలియనివాళ్లతో సందేశాలు ఆపొచ్చు. టైమ్ పరిమితి మాత్రం యాప్‌తోనే. అప్పుడు వంటింటి టైమర్ వాడండి. పిన్ 1234 పెట్టొద్దు, పుట్టినరోజూ పెట్టొద్దు, పిల్లలు మన వేళ్లు చూసి పట్టేస్తారు.

నిమిషాలతో చెప్తే ఐదేళ్ల పిల్లకి అర్థం కాదు, రేసులతో చెప్పండి. మారియో కార్ట్‌లో ఒక కప్పుకి నాలుగు రేసులు, మెనూలతో కలిపి సుమారు పావుగంట. "ఇవాళ రెండు కప్పులు" అంటే అరగంట అయినట్టే. పరిమితిని 30 కాకుండా 45కి పెట్టి, ఆపడం మీరే చెయ్యండి. రేసు సగంలో తెర ఆగిపోతే ఏడుపు మొదలవుతుంది. రేసు అయ్యాక ఆపితే చాలాసార్లు గొడవే ఉండదు.

కార్డులతో ఆడినంత కాలం నింటెండో ఖాతా లేకుండానే పాప పేరు మీద యూజర్ పెట్టుకోవచ్చు. మీ బ్యాంకు కార్డు నంబరు ఆ పెట్టెలో ఎక్కడా దాచకండి. టీవీకి ఆరేడు అడుగుల దూరంలో చాప వేసి, అదే పాప చోటని చెప్పండి. ఆట వేడిలో ముందుకి జరుగుతూ పోతారు, చాప అంచు గీతలా పనిచేస్తుంది.

కడప_కర్బీ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మూడేళ్ల తమ్ముడు కూడా ఉన్న ఇంట్లో గేమ్ కార్డులు చాలా చిన్నవి, మింగితే ఎలా?

సర్క్యూట్‌బోర్డు

కార్డుల మీద డెనటోనియం బెంజోయేట్ అనే విపరీతమైన చేదు పూత ఉంటుంది, నాలుక తగలగానే ఉమ్మేస్తారు. పూత ఉంది కదా అని నేల మీద వదలొద్దు, గొంతుకి అడ్డం పడే సైజే అది. కార్డులు డబ్బాలో, డబ్బా పై అరలో. తమ్ముడికి రిమోట్ కావాలంటే బ్యాటరీ తీసేసిన పాత టీవీ రిమోట్ ఇవ్వండి. జాయ్‌కాన్ ఇస్తే స్టిక్ చుట్టూ ఉండే రబ్బరు అంచులోకి ఎంగిలి దిగుతుంది, తర్వాత అది బిగుసుకుపోతుంది.

కొత్త_కంట్రోలర్

2019 రకం (-01) సెట్ దొరికింది, స్టిక్‌లు రెండూ మధ్యకి వచ్చి ఆగాయి. డాక్, అసలు చార్జర్, మారియో కార్ట్ కార్డుతో కలిపి 21 వేలు. ఇప్పుడు ఒక చిక్కు. మణికట్టు తాడు ఉన్న సన్నపట్టీ ఒక జాయ్‌కాన్‌కి ఎక్కించాను, ఊడి రావట్లేదు. ఎంత లాగినా కదలట్లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తనా?

సర్క్యూట్‌బోర్డు

స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, పట్టా వంగుతుంది. తలకిందులుగా ఎక్కించి ఉంటారు, అందరికీ జరిగేదే. పట్టీ మీద + గానీ – గానీ గుర్తు ఉంటుంది, జాయ్‌కాన్ మీద కూడా అదే బటన్ ఉంటుంది. రెండూ ఒకే రకమై, ఒకే చివర ఉండాలి.

తియ్యడానికి ముందు పట్టీ చివర ఉన్న చిన్న లాక్‌ని బయటికి జరపండి. జాయ్‌కాన్‌ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, వెనకున్న చిన్న గుండ్రటి బటన్ నొక్కిపట్టి, పట్టీని ఎక్కించిన దారినే నేరుగా వెనక్కి తొయ్యండి. తాడు పట్టుకుని లాగొద్దు, బొటనవేలితో పట్టీ అంచుని తొయ్యాలి. తలకిందులుగా ఉంది కాబట్టి చాలా బిగుతుగా ఉంటుంది, కొంచెం కొంచెంగా కదులుతుంది. చెయ్యి జారుతుంటే రబ్బరు గ్లవ్ వేసుకోండి.

కొత్త_కంట్రోలర్

వచ్చేసింది. + జాయ్‌కాన్‌కి – పట్టీ ఎక్కించాను. ఇప్పుడు సరిగ్గా పెట్టాను, పాప యాంటెన్నా బండితో మొదటి కప్పులో మూడో రేసులో ఉంది.